రెండు మిల్లీగ్రాముల తీగ

మొమొసే ఫుసాయే గారు చుట్టిన కాయిల్ లేకుండా మా సంఘంలో పదకొండేళ్ళుగా ఒక్క విమానమూ ఎగరలేదు. ఆ పదకొండేళ్ళలో ఆమె విమానం మాత్రం ఒక్కసారీ ఎగరలేదు. ఈ రెండు వాక్యాలూ నిజమే. వీటిని పక్కపక్కన పెట్టి చూడవలసిన స్థానంలో ఉండి కూడా నేను చాలాకాలం చూడలేదు. ఆమె గురించి రాయడానికి పూనుకున్నవాడు ముందుగా ఒప్పుకోవలసిన సంగతి ఇది.

మా విమానాలు మనిషి ఎక్కేవి కావు. జానెడు రెక్కలు, అగ్గిపుల్లలో నాలుగో వంతు మందం ఉన్న తేలికపాటి బాల్సా కర్ర, వడ్లగింజంత మోటారు, చిటికెన వేలి గోరంత బ్యాటరీ. అన్నీ కలిపి ఒక గ్రాముకు మించకూడదు. ఒక యెన్ నాణెం బరువు సరిగ్గా ఒక గ్రాము. కొత్తవాళ్ళకు నాణెం చేతిలో పెట్టి, "ఇంతే, ఇంతలోనే రేడియో కూడా" అని చెబుతాం. నేను నాణేన్ని నమ్మను. ఉద్యోగకాలమంతా దుకాణాల తక్కెడలు, మిల్లుల కాటాలు తనిఖీ చేసినవాణ్ణి. చేతులు మారిన నాణెం అరుగుతుందని నాకు తెలుసు. అందుకే ఇత్తడి తూకపురాయి వెంట తెచ్చుకుంటాను. సంఘంలో నన్ను తూకాల సారు అంటారు. నా పని విమానాలను తూచడం, గడియారం పట్టుకోవడం. ఎగరెయ్యడం నాకు రాదు.

సరస్సు పైన కొండవాలులో, పిల్లలు లేక మూసేసిన ప్రాథమిక పాఠశాల ఒకటుంది. దాని ఆటల హాలును నెలకో ఆదివారం ఉదయం మాకిస్తారు. గుమ్మంలో బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికి వెళతాం. తలుపులన్నీ మూస్తాం. హాలు మధ్యలో ఒక అగరువత్తి వెలిగించి, అందరం గోడలవారగా కూర్చుంటాం. మొదట పొగ అటూఇటూ తూలుతుంది. మనుషులు నడిచివచ్చిన గాలి ఇంకా గదిలో తిరుగుతూంటుంది మరి. కాసేపటికి అది అలసి, పొగ నిలువునా దారంలా నిలబడుతుంది. ఆ దారం నిలిచాకే మేము ఎగరేస్తాం. అప్పటినుంచి ఎవరూ నడవరు, ఎవరూ దగ్గరు. ఒక మనిషి నాలుగడుగులు వేస్తే ఆ అల అర నిమిషం దాకా గాలిలో ఉంటుంది. ఒక గ్రాము విమానం దానిమీద పడవలా ఊగుతుంది.

ఆ విమానాల వేగం ఎంతో చెబితే నమ్మరు. తోటలో పువ్వులు చూస్తూ నడిచే ముసలివాడి వేగం. మోటారు చప్పుడు చెవి దగ్గరకు వస్తే తప్ప వినపడదు. చూస్తున్నవాళ్ళ తలలన్నీ ఒకే దిక్కుకు మెల్లగా తిరుగుతూంటాయి. ఒక్కొక్కసారి అరగంటసేపు హాలులో నలభైమంది ఉండి కూడా ఎవరూ లేనట్టే ఉంటుంది.

ఆ విమానానికి ఎటు తిరగాలో చెప్పేది కాయిల్. కంది గింజంత తీగ ఉంగరం, దాని మధ్య ఆవగింజంత అయస్కాంతం, ఆ అయస్కాంతానికి అతికించిన తోక చుక్కాని. చేతిలోని రేడియో పెట్టె నుంచి సంకేతం వెళ్ళగానే తీగలో కరెంటు పారుతుంది, అయస్కాంతం ఒరుగుతుంది, చుక్కాని తిరుగుతుంది. ఆ తీగ వెంట్రుకలో మూడో వంతు సన్నం. దాన్ని తెగకుండా, ముడిపడకుండా, చుట్టు మీద చుట్టు సమంగా పేర్చగల చేతులు మా లోయలో ఒకప్పుడు వందల్లో ఉండేవి. ఇప్పుడు నాకు తెలిసి ఒక్క జతే ఉంది.

ఫుసాయే గారి తల్లి పట్టు మిల్లులో దారం తీసిన మనిషి. మరిగే నీళ్ళలో పట్టుగూళ్ళు తేలుతుంటే కంటికి కనపడని పోగు కొస పట్టుకుని లాగేది. మిల్లులు పోయి గడియారాల కార్ఖానాలు వచ్చాయి. కూతురు పద్దెనిమిదో ఏట ఒక కార్ఖానాలో కాయిల్ చుట్టే బల్ల దగ్గర కూర్చుని, ఆ విభాగం మూసేసేదాకా ముప్ఫైనాలుగేళ్ళు అక్కడే ఉంది. తరవాత మూడేళ్ళు సోబా నూడుల్స్ అమ్మే ఒక దుకాణంలో గిన్నెలు కడిగింది.

కార్ఖానాలో ఒక పద్ధతి ఉండేది. దాన్ని ఇక్కడే చెప్పాలి. ఒక కాయిల్‌కు రెండువందల యాభై చుట్లు కావాలంటే, చుట్టే ఆడవాళ్ళు రెండువందల అరవైమూడు చుట్టేవారు. పక్క బల్ల మీదివాళ్ళు మీటరు పెట్టి, సరిపోయేదాకా విప్పి, కొస కత్తిరించేవారు. చుట్లు తక్కువైతే కాయిల్ చెత్తబుట్టలోకే, ఎక్కువైతే విప్పుకోవచ్చు. ఆ పదమూడు చుట్లను సాగనంపు చుట్లు అనేవారు. వాటిని ఎవరూ ప్రత్యేకంగా లెక్కపెట్టరు, వేళ్ళే వేసేస్తాయి. పక్క బల్లకు పెద్ద యజిమా గారు.

ఆ యజిమా గారే మా సంఘానికి అధ్యక్షులు. వయసు డెబ్బై ఎనిమిది. మనిషి గట్టివాడు, మాట ఇంకా గట్టిది, చేతిపని శుభ్రం. ఫుసాయే గారిని సోబా దుకాణంలో చూసి ఆయనే సంఘానికి తీసుకొచ్చారు. ఆవిడ నెలనెలా కాయిళ్ళు చుట్టి, మందుపొట్లాల్లా మడిచిన కాగితాల్లో పెట్టి తెచ్చేది. ఆయన పాత అలవాటు ప్రకారం మీటరు పెట్టి, సాగనంపు చుట్లు విప్పి, సభ్యులకు పంచేవారు. ఆవిడ బూట్ల అలమర పక్కన కూర్చుని అందరికీ టీ పోసేది, నొజవానా ఆకుల ఊరగాయ పంచేది. అందరూ ఆమెను కాయిలక్క అనేవాళ్ళు.

మొదటి ఆదివారం నాకు గుర్తుంది. తన కాయిల్ వేసిన విమానం ఒకటి తలమీదుగా మెల్లగా మలుపు తిరుగుతుంటే ఆమె లేచి నిలబడింది.

"ఆ తోక తిప్పుతున్నది నా కాయిలేనా?"

"నీది కాకపోతే ఎవరిది? కూర్చో, గాలి చెదురుతుంది," అన్నారు యజిమా గారు.

ఆమె కూర్చుంది. కాసేపటికి, ఎవరితోనో తెలియకుండా అన్నది: "ముప్ఫైనాలుగేళ్ళు చుట్టాను. ఒక్కటైనా ఏం కదిలించిందో చూళ్ళేదు."

హాలు గోడ మీద ఒక పొడుగాటి చెక్క ఉంది. దానికి మేకులు, మేకులకు పేరు రాసిన చిన్న చెక్క పలకలు. ఒక గ్రాము తరగతిలో మూడు నిమిషాలు విమానాన్ని గాలిలో నిలిపినవాళ్ళ పలకలు అక్కడ వేలాడతాయి. నేల మీద ఎనిమిది అడుగుల దూరంలో రెండు కర్రలు నిలబెడతాం. వాటి చుట్టూ ఎనిమిది అంకె గీస్తూ కనీసం ఆరుసార్లు తిరగాలి, మూడు నిమిషాలు నిండాకే దిగాలి, హాలు చుట్టూ గీసిన నీలిగీత లోపలే దిగాలి. మోటారు, బ్యాటరీ, కాయిల్ తప్ప విమానం ప్రతి ముక్కా సొంతంగా కట్టుకోవాలి. పలక కూడా ఎవరిది వాళ్ళే కోసి తెచ్చుకోవాలి. పేరు మాత్రం నేను కుంచెతో రాస్తాను. ఇరవైమూడు పలకలున్నాయి. ఆ ఇరవైమూడింటి వెనకా ఆమె కాయిళ్ళే ఉన్నాయి.

ఐదేళ్ళ క్రితం ఒక ఆదివారం, టీ పోస్తూ ఆమె అడిగింది: "సూపర్‌వైజర్ గారూ, నేను కూడా ఒకటి కట్టుకుని ఎగరేసి చూడనా?"

ఆయన టీ గ్లాసు దించలేదు. "నువ్వు ఎగరేస్తూ కూర్చుంటే మాకెవరు చుడతారు ఫుసాయే? నీ చేతులకు వేరే పనులు నేర్పకు, పాడైపోతాయి."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నేను నవ్వలేదు, కానీ ఏమీ అనలేదు కూడా. న్యాయంగా చూస్తే ఈ రెండింటికీ పెద్ద తేడా లేదు.

తరవాత ఏం జరిగిందో ఆమె నాతో ఈ మధ్యనే చెప్పింది. ఇంటికి వెళ్ళి ఆ గదులు చూసి వచ్చాను గనుక నమ్మకంగా రాస్తున్నాను. చాపలు పరిచిన రెండు గదుల మధ్య జారుడు తలుపులు ఊడదీసి పక్కకు పెట్టింది. పొద్దున్నే స్టవ్ ఆర్పి, గాలి నిమ్మళించాక ఎగరేసేది. మొదటి ఏడు విమానాలు గోడలకు తగిలి పోయాయి. ఎనిమిదోది బతికింది. మిగతావాళ్ళు రెక్కలకు ప్లాస్టిక్ పొర అతికిస్తారు. ఆమె కింద వార్తాపత్రిక పెడితే అక్షరాలు చదువుకోగలిగినంత పల్చటి చేతికాగితం వాడింది, దానికి కొన్యాకు దుంప గంజి పెట్టింది. ఎందుకని అడిగితే, "ప్లాస్టిక్ వేలికి ఏమీ చెప్పదండీ" అన్నది. చిన్న గదులు గనుక మలుపులన్నీ ఇరుకుగా తిప్పడమే నేర్చుకుంది. అలమర ముందు కుడికి, కిటికీ ముందు ఎడమకు, గడప మీదుగా ఈ గదిలోంచి ఆ గదిలోకి. నిద్రలో నడిచే మనిషిలా తిరిగేదట ఆ విమానం. దాని వెనకే తానూ తిరిగేదాన్నని, కాళ్ళు చాపమీద ఆనుతున్నాయో లేదో ఒక్కోసారి తెలిసేది కాదని చెప్పింది. ఈ ఏడాది ఫిబ్రవరిలో ఇంట్లోని చిన్న తూకపుయంత్రం మీద దాన్ని తూస్తే సున్నా దశాంశం తొమ్మిది ఎనిమిది ఏడు గ్రాములు వచ్చింది. ఆ తూకపుయంత్రాన్ని నేను తరవాత పరీక్షించాను. సరిగ్గానే ఉంది.

యజిమా గారికి చెప్పలేదు. సంఘంలో ఎవరికీ చెప్పలేదు.

జూన్ నెల ఆదివారం. వానాకాలం మొదలై పది రోజులైంది. సరస్సూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి, కొండలు మధ్యలో ఎక్కడో కరిగిపోయాయి. ఆమె ఎనిమిదింటికే వచ్చింది. ఎప్పటిలా ఊరగాయ డబ్బా, కాయిళ్ళ పొట్లాలు తెచ్చింది. ఇంకొక అట్టపెట్టె కూడా తెచ్చి, మూత తీసి అలమర మీద పెట్టింది. వరుసలో అందరి తూకాలూ అయ్యాక, ఆ పెట్టె పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది.

"సారూ, నాది కూడా తూచండి."

ఆ విమానం తేనెరంగులో ఉంది. రెక్కలోంచి నా వేళ్ళు కనపడుతున్నాయి. రెక్క అంచున, నిబంధన ప్రకారం, పేరు రాసి ఉంది.

యజిమా గారు వచ్చి వంగి చూశారు. "ఇదెవరు కట్టారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"పొద్దున్నపూట."

వెనకనుంచి ఎవరో, "అమ్మో కాయిలక్కా, మాకు తెలీకుండానా!" అన్నారు. ఇంకొకరు, "ఇంక మన టీ అయిపోయినట్టే" అన్నారు. నేను చెయ్యెత్తి అందరినీ ఆపి, విమానాన్ని పళ్ళెంలో పెట్టాను.

ఒకటి దశాంశం సున్నా సున్నా రెండు.

తీసేశాను. యంత్రాన్ని సున్నాకు తెచ్చి ఇత్తడి రాయి పెట్టాను; సరిగ్గా ఒకటి చూపింది. మళ్ళీ విమానం పెట్టాను. అదే అంకె. మూడోసారీ అదే. సాక్షి మూడుసార్లు ఒకే మాట చెప్పాక ఇంకా అడగడం మర్యాద కాదు.

"రెండు మిల్లీగ్రాములు ఎక్కువమ్మా," అన్నాను.

"ఫిబ్రవరిలో పదమూడు తక్కువ వచ్చింది సారూ."

"ఫిబ్రవరిలో గాలి పొడిది. కాగితం, కర్ర, గంజి మూడూ తేమ తాగుతాయి. పదిహేను మిల్లీగ్రాముల వాన ఎక్కింది దానికి."

ఆమె విమానం వైపు చూసింది. తప్పు చేసిన పిల్లను చూసినట్టు కాదు, దాహం వేసిన పిల్లను చూసినట్టు.

సలహాలు అన్ని పక్కలనుంచీ వచ్చాయి. "చక్రాలు పీకెయ్!" చక్రాలు ఉండి తీరాలి. "పేరు గీకెయ్!" పేరూ ఉండి తీరాలి. "జుట్టు ఆరబెట్టుకునే మిషన్ పెడితే రెండు నిమిషాల్లో ఆరిపోతుంది కదా!" కాగితం వంకరపోతుంది, అదీకాక వేడి పెట్టకూడదని నిబంధన, ఆ ఎత్తు ఎవరూ వెయ్యకుండా దిగాక కూడా మళ్ళీ తూస్తాం.

"అతిథిగా ఎగరెయ్యనిద్దాం," అన్నారు యజిమా గారు. "లెక్కలోకి రాదు, పలక రాదు, సరదాగా. ఏమంటారు సారూ?"

నిర్ణయం నాది. ఆమె ముఖం చూస్తే ఏం కావాలో చెప్పక్కర్లేదు. అయినా ఇరవైమూడుమందికి ఒక తూకం, ఆమెకు ఒక తూకం పెడితే ఆ పలకకు విలువ ఉండదు. పైగా ఆ అవమానం ఆమెదే అవుతుంది. "అతిథులు బయటివాళ్ళు," అన్నాను. "పదకొండేళ్ళు వచ్చిన మనిషి అతిథి కాదు. నిబంధన ప్రకారం పదిహేను నిమిషాలున్నాయి. సొంత చేతులతో ఏం తగ్గించుకుంటారో తగ్గించుకోవచ్చు."

ఆమె పెట్టె ముందు నేల మీద కూర్చుంది. ఎక్కడ ముట్టుకోవాలో తెలియడం లేదని చూస్తూనే తెలుస్తోంది. యజిమా గారు చేతులు వెనక్కి కట్టుకుని పైన నిలబడ్డారు.

"నాకు చూపించకుండా కట్టావుగా. అనుభవించు," అన్నారు. అని, వెళ్ళిపోకుండా, జేబులోంచి భూతద్దం తీసి మోకాళ్ళమీద కూర్చున్నారు. "కర్ర బాగా చెక్కావు. జిగురు కూడా ఎక్కువ లేదు. ఊఁ." తోక దగ్గరకు వచ్చేసరికి భూతద్దం ఆగింది. "ఆగు. ఈ కాయిల్ ఎన్ని చుట్లు?"

"అన్నిటికీ ఎన్నో దీనికీ అన్నే."

"ఎన్నే?"

"రెండొందల అరవైమూడు."

"కావలసింది?"

"రెండొందల యాభై." ఆమె నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"మిగతా పదమూడు?"

ఆమె కాయిల్ మీదికి వంగింది.

"సాగనంపావా! ఎవరికి సాగనంపావమ్మా? నీ పక్క బల్ల మీద ఎవరున్నారు?" ఆయన నవ్వు హాలంతా వినపడింది. "నా బల్లకు రాని కాయిల్ కదా ఇది. నాకు చెప్పకుండా దాచావు, నువ్వు విప్పడం మరిచిపోయావు. ముప్ఫైనాలుగేళ్ళ వేళ్ళు ఎక్కడికి పోతాయి!"

ముందు ఆయన, తరవాత ఆమె, ఆ తరవాత అందరూ నవ్వారు. ఐదేళ్ళ క్రితం నవ్విన నవ్వు ఇది కాదు. ఈసారి నేనూ నవ్వాను.

"సారూ," ఆమె నావైపు తిరిగింది, "పదమూడు చుట్లు ఎంత తూగుతాయి?"

తీగ మందం తెలుసు, రాగి సాంద్రత తెలుసు, చుట్టు పొడవు తెలుసు. కాగితం మీద వేసి చూశాను. "ఒక్క మిల్లీగ్రాము. కాస్త ఎక్కువ."

"అయితే ఇంకో పదమూడు అసలులోంచే పోవాలి."

యజిమా గారి నవ్వు ఆగిపోయింది. "చుట్లు తగ్గితే తీగ కరెంటు ఎక్కువ లాగుతుంది, తెలుసుగా. చుక్కాని నొక్కిపట్టుకుంటే బ్యాటరీ మూడు నిమిషాలు రాదు. నొక్కి వదలాలి, నొక్కి వదలాలి. నువ్వు నేర్చుకున్న ఇరుకు మలుపులు కుదరవు."

"పెద్దగా తిప్పుతాను."

"ఇంట్లో పెద్దగా తిప్పి చూశావా?"

"ఇల్లు పట్టదండీ."

ఆయన తన టంకం పెట్టె తెచ్చి ఆమె పక్కన పెట్టారు. "నేను విప్పనా?"

"వద్దు, సూపర్‌వైజర్ గారూ. సొంత చేతులన్నారు సారు."

గోళ్ళరంగు తుడిచే మందు ఒక చుక్క, సూది మొనతో. కొస వదులైంది. ఆమె కళ్ళజోడు పైకి నెట్టుకుని, ఊపిరి బిగపట్టి, విప్పడం మొదలుపెట్టింది. మాకు తీగ కనపడలేదు. రెండు వేళ్ళు గాలిలో ఏమీ లేనిదాన్ని పట్టుకుని దూరం జరగడం, మళ్ళీ దగ్గరకు రావడం మాత్రమే కనపడింది. పట్టుగూటి ముందు ఆమె తల్లి కూడా ఇలాగే కనపడి ఉంటుందని అనుకున్నాను. పెదవులు కదులుతున్నాయి. పదకొండు, పన్నెండు, పదమూడు. అక్కడ ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి. ఇరవై ఆరు. కత్తెర. చిటికెడు టంకం. పద్నాలుగో నిమిషంలో విమానం నా పళ్ళెంలో ఉంది.

ఒకటి దశాంశం సున్నా సున్నా సున్నా.

నిబంధనలో ఉన్న మాట "మించకూడదు" అని. సమానం మించడం కాదు. "అనుమతించాను," అన్నాను.

అగరువత్తి వెలిగించారు. పొగ తూలి, తూలి, నిలబడబోయి, హాలు చివరనున్న స్టేజీ వైపుకు ఒరిగింది. అక్కడ పక్క తలుపు కింద సందుంది. వాన గాలి అందులోంచి వస్తోంది. ఇరుకు మలుపులు తిప్పేవాళ్ళకు ఆ గాలి తగలదు. పెద్దగా తిప్పే విమానం నేరుగా అందులోకే పోతుంది. ఆమె ఆ పొగను చూసింది. అందరం చూశాం.

యజిమా గారు లేచారు. మేజోళ్ళతో అడుగు చప్పుడు లేకుండా హాలు దాటి వెళ్ళి, ఆ తలుపు ముందు కింద కూర్చుని, వీపు సందుకు ఆనించి కాళ్ళు చాపారు. గాలి చెదిరింది, కాసేపు తిరిగింది, శాంతించింది. పొగ నిటారుగా నిలబడింది. మనిషి తలుపుకు ఆనుకుని కూర్చోకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. నేను రెండుసార్లు గుర్తుచేసుకుని చూశాను.

ఆమె విమానాన్ని నేల మీద పెట్టి, రేడియో పెట్టె పట్టుకుంది. చక్రాలు నేల వదిలినప్పుడు నేను గడియారం నొక్కాను.

మొదటి మలుపు దగ్గర ఆమె బొటనవేలు అలవాటుకొద్దీ లోపలికి పోయి, వెంటనే వెనక్కి వచ్చింది. విమానం కర్రను దాటి, ఇంకా దూరం పోయి, నింపాదిగా ఒరిగింది. నొక్కి, వదిలి. నొక్కి, వదిలి. అది గీసిన మొదటి ఎనిమిది అంకె ఆమె ఇంటికంటే పెద్దది. బయట వాన రేకుల మీద ఏకధాటిగా పడుతోంది. పైకిటికీల వెలుతురు బూడిదరంగులో దిగి హాలంతా సరస్సు అడుగులా ఉంది. తేనెరంగు రెక్క ఆ నీటిలో ఈదుతున్నట్టు వచ్చింది, పోయింది. మా తలలు దానితో తిరిగాయి. స్టేజీ వైపు మలుపులో అది యజిమా గారి తలమీదుగా, చెయ్యి చాపితే అందేంత ఎత్తులో వెళ్ళింది. ఆయన కళ్ళు మాత్రమే పైకెత్తారు.

ఒక నిమిషం. రెండు ఎనిమిదులు. నేను ఎన్నో ఏళ్ళుగా ఆ గడియారం పట్టుకుంటున్నాను. ముల్లును తప్ప ఇంకేమీ చూడకూడదని నా నియమం. ఆ రోజు ముల్లు ఎటు పోతోందో మధ్యలో కాసేపు తెలియలేదని ఒప్పుకుంటున్నాను. రెండు నిమిషాలు. అయిదో ఎనిమిది. ఆమె కాళ్ళు కదలడం లేదు గానీ మనిషి మొత్తం మెల్లగా అటూ ఇటూ ఒరుగుతోంది, రెక్కతోబాటు.

రెండు నిమిషాల నలభై సెకన్లకు ఆరో ఎనిమిది మూసుకుంది. అప్పటికే విమానం దిగుతోంది. తల ఎత్తు, భుజం ఎత్తు, నడుము ఎత్తు. ఇంకొక మలుపు తిప్పితే చుక్కాని మిగిలిన బ్యాటరీని తాగేస్తుంది. ఆమె బొటనవేలు తీసేసింది. రేడియో పెట్టెను ఒక చేత్తో కిందికి దించి, విమానాన్ని హాలు పొడవునా తిన్నగా పోనిచ్చింది. దానికి తిన్నగా పోయే చోటు అంతవరకూ ఎప్పుడూ దొరకలేదు. గోడవారగా కూర్చున్నవాళ్ళ మోకాళ్ళ పక్కనుంచి, ఒక్కొక్కరినీ పలకరిస్తున్నట్టు, అది పోతూనే ఉంది. ఎవరూ ఊపిరి తియ్యలేదు. రెండు నిమిషాల యాభైఅయిదు. చక్రాలకూ నేలకూ మధ్య వెలుతురు సన్నగా ఉంది. ఆ వెలుతురు మూసుకునేసరికి మూడు నిమిషాల రెండు సెకన్లు. నీలిగీతకు జానెడు లోపల.

చప్పట్లు కొట్టబోయినవాళ్ళను ఆపి, విమానాన్ని పళ్ళెంలోకి తీసుకున్నాను. నలభైమంది ఊపిరి నిండిన హాలది, తేమ పెరిగి ఉండొచ్చు. కానీ ఆమె పొద్దున ఎనిమిదింటికే మూత తీసి పెట్టింది గనుక ఆ కాగితం తాగగలిగినంతా అప్పటికే తాగేసి ఉండాలని నా అంచనా. అంచనా సాక్ష్యం కాదు. పది సెకన్లు ఆగాను. ఒకటి దశాంశం సున్నా సున్నా సున్నా.

"అయింది," అన్నాను.

యజిమా గారు తలుపు దగ్గరనుంచి లేచి వచ్చారు. చొక్కా వీపు మొత్తం తడిసి ఒంటికి అంటుకుంది. "పలక కోసి తెచ్చుకోవాలి. వచ్చే నెలకి పట్టుకురా," అన్నారు గట్టిగా, నిబంధన గుర్తుచేస్తున్నట్టు.

ఆమె ఊరగాయ డబ్బా కిందినుంచి గుడ్డలో చుట్టిన చెక్క ముక్క తీసి నా ముందు పెట్టింది. అంచులు నున్నగా ఉన్నాయి, రంగు ముదిరి ఉంది. అది నిన్న మొన్న కోసిన చెక్క కాదు.

"ఇదెప్పుడు చేశావు?" అన్నారాయన.

"మీరు నవ్విన వారం."

ఆయన చెక్కను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, నాకందించారు. చివరికి అన్నది మాత్రం ఇదీ: "అయితే ఇక మా కాయిళ్ళు?"

"చుడతాను, ఎందుకు చుట్టను? ముందు ఎగరేసుకుని, తరవాత."

"సాగనంపు చుట్లతోనే?"

"వాటితోనే. మీ బల్ల ఖాళీగా ఉండకూడదుగా."

విప్పిన తీగను ఆమె ఒక పొట్లంలో మడిచి నా బల్ల మీద వదిలింది. అందరూ వెళ్ళాక తూచాను. పొట్లం బరువు తీసేస్తే రెండు మిల్లీగ్రాములు. నా లెక్కకు, ఆమె వేళ్ళ లెక్కకు తేడా లేదు.

జూలై ఆదివారం వాన లేదు. టీ ఎవరి గ్లాసులో వాళ్ళే పోసుకున్నారు. కొందరు ఒలకబోసుకున్నారు. కాయిళ్ళ పొట్లాలు బూట్ల అలమర మీద వరుసగా ఉన్నాయి, వాటి పక్కన యజిమా గారు మీటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరో పొట్లం కోసం చెయ్యి చాపబోతే, "ఆగవయ్యా, గాలి చెదురుతుంది," అన్నారు. పొగ నిటారుగా నిలబడి ఉంది. గోడ మీద ఇరవైనాలుగు పలకలున్నాయి. తేనెరంగు రెక్క ఇంకా మొదటి మలుపులోనే ఉంది.